వాకిట్లో వయ్యారిభామ – ఇంట్లో తుమ్ములు

వానలు పడి నేల తడిసిందో లేదో, మన ఇళ్ళలో ఒక జాతి జలుబు బయలుదేరుతుంది. జ్వరం ఉండదు. ఒళ్ళు నొప్పులు ఉండవు. పొద్దున లేచీ లేవగానే పది పన్నెండు తుమ్ములు, ముక్కు వెంట నీళ్ళు, కళ్ళ మంట, అంగిట్లో దురద. మధ్యాహ్నానికి కొంత సర్దుకుంటుంది. మరునాడు తెల్లవారగానే మళ్ళీ మొదలు. వానలో తడిశావని ఒకరు, రాత్రిపూట పెరుగు తిన్నావని ఒకరు, తలంటుకొని జుట్టు ఆరబెట్టుకోలేదని ఇంకొకరు, పెద్దలు తలకొక కారణం చెబుతారు. మిరియాల కషాయం కాగుతుంది. ఆవిరి పట్టడం అవుతుంది. జలుబు మాత్రం పోదు.

మామూలు జలుబు వారం పది రోజులకు మించి ఉండదు. నెల దాటినా పోకుండా, ప్రతి ఏడూ అదే ఋతువులో చెప్పిపెట్టినట్లు వస్తూ ఉంటే, అది జలుబు కాదేమోనని ఆలోచించవలసిందే. దాని మూలం మనం తిన్న పెరుగులో గాక, మన ప్రహరీగోడ పక్కన పచ్చగా పెరుగుతున్న ఒక మొక్కలో ఉండవచ్చు. ఆ మొక్కను గురించి, దానిని ఇంటి చుట్టూ లేకుండా చేసుకునే పద్ధతిని గురించి మాకు తెలిసిన నాలుగు సంగతులు ఇక్కడ చెప్పదలచినాము. బెంగుళూరులో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, హోసూరు, బరంపురం, యానాములలో ఉన్నా మన కుటుంబాలన్నిటికీ ఇది పనికివచ్చే విషయమే.

పుప్పొడి కథ

పూలు కాయలు కావాలంటే ఒక పూవులోని పుప్పొడి మరొక పూవును చేరవలెను. మందార, మల్లె, గుమ్మడి వంటివి ఈ పనిని తుమ్మెదలకూ తేనెటీగలకూ అప్పగిస్తాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. పురుగుల కాళ్ళకు అంటుకుంటుందే గాని గాలిలో అంతగా ఎగరదు. కాబట్టి రంగురంగుల పూలను చూసి భయపడవలసిన పని సాధారణంగా లేదు. గడ్డి జాతులూ, ముళ్ళతోటకూర వంటి కలుపు మొక్కలూ ఉన్నాయే, వాటికి అందమూ లేదు, తేనే లేదు. పురుగులు వాటి దగ్గరకు రావు. అందుచేత అవి గాలిని నమ్ముకుంటాయి. గాలి ఎటు పోతుందో తెలియదు గనుక లెక్కలేనంత పుప్పొడిని తయారుచేసి వదిలిపెడతాయి. అందులో వీసమెత్తు మరొక పూవును చేరుతుంది. మిగిలినది మన కిటికీలలో నుంచి లోపలికి వస్తుంది.

ఇది జబ్బుకు కారణమని లోకానికి తెలిసి మరీ ఎక్కువ కాలం కాలేదు. 1819లో లండనులో జాన్ బాస్టాక్ అనే వైద్యుడు, ప్రతి వేసవిలో తనకు వచ్చే తుమ్ములనూ కళ్ళ మంటనూ తానే వర్ణించి వ్రాశాడు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. మాంచెస్టరులో చార్లెస్ బ్లాక్లీ అనే మరొక వైద్యుడికీ ఇదే బాధ ఉండేది. ఆయన గడ్డిపూల పుప్పొడిని తన ముక్కులోనూ, గీరిన చర్మం మీదనూ పెట్టుకొని ఏమి జరుగుతుందో చూశాడు. జిగురు రాసిన గాజుపలకలను గాలిపటాలకు కట్టి పైకి ఎగురవేసి, ఆకాశంలో ఎంత ఎత్తున పుప్పొడి ఉన్నదో లెక్కపెట్టాడు. 1873లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రచురించాడు. ‘ఎలర్జీ’ అన్న మాటను 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కె కల్పించాడు. ఇప్పుడు మన ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా ఆ మాట వాడుతున్నారు.

ఇందులో జరిగేది ఏమంటే, మన శరీరానికి శత్రువులను గుర్తించి ఎదుర్కొనే కావలి వ్యవస్థ ఒకటి ఉన్నది. పుప్పొడిలోని మాంసకృత్తు నిజానికి మనకు శత్రువు కాదు. కొందరి శరీరం మాత్రం పొరబడి దానిని శత్రువుగా లెక్కకట్టి, దానికని ప్రత్యేకంగా ప్రతిరక్షకాలను తయారుచేసి ముక్కు పొరలలోని కణాలకు తగిలించి పెడుతుంది. ఆ తరువాత అదే పుప్పొడి ముక్కులో పడిన క్షణాన ఆ కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. తుమ్ములు, నీరు కారడం, దురద అన్నీ దాని పనులే. మొదటి ఏడు ఏ బాధా లేనివాడికి మూడో ఏడో నాలుగో ఏడో ఎందుకు మొదలవుతుందో దీనిని బట్టి తెలుస్తుంది. శరీరం పగ పెంచుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. కొత్త ఊరికి మారిన కుటుంబాలలో “మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళు వీడికి ఏమీ లేదండీ, ఇక్కడికి వచ్చాక రెండేళ్ళకు పట్టుకుంది” అని చెప్పుకోవడం అందుకే తరచుగా వినిపిస్తుంది.

ఈ మొక్కను ఎరుగని వారెవరు?

మన ప్రాంతాలలో ఇంటి చుట్టూ మొలిచే కలుపులలో అందరికన్న పెద్ద దొంగ వయ్యారిభామ. శాస్త్రజ్ఞులు దీనిని పార్థీనియం అంటారు. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబానికి చెందిన మొక్క. కర్ణాటకలో కాంగ్రెస్ గిడ అన్నా, మహారాష్ట్రంలో గాజర్ గవత్ అన్నా, తమిళనాట పార్థీనియం చెడి అన్నా ఇదే. దీని ఆకు గాజర ఆకువలె, అనగా మన క్యారట్ ఆకువలె చీలికలు చీలికలుగా ఉంటుంది. చిన్నప్పుడు ఆకులు నేలకు అంటుకొని చక్రంవలె పరుచుకుంటాయి. తరువాత నడిమి నుంచి కాడ లేచి కొమ్మలు వేసి, మనిషి నడుము ఎత్తుకు, మంచి నేల దొరికితే భుజం ఎత్తుకు కూడా పెరుగుతుంది. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా తెల్లని చిన్న పూలు పూస్తాయి. ఆ తెల్లని పూలు గాంధీ టోపీలవలె కనబడుతాయి గనుక కాంగ్రెస్ గడ్డి అన్న పేరు వచ్చిందని కొందరు చెబుతారు. గాలికి వయ్యారంగా ఊగుతుంది కాబట్టి మనవాళ్ళు వయ్యారిభామ అన్నారు. ఇంత ప్రమాదమైన దానికి ఇంత ముద్దు పేరు పెట్టడం మన జాతికే చెల్లింది.

దీని పుట్టిల్లు మన దేశం కాదు. మెక్సికో సింధుశాఖ చుట్టుపక్కల భూములు, మధ్య అమెరికా ప్రాంతాలు దీని స్వస్థలాలు. మన దేశంలో 1955లో పుణే నగరంలో చెత్తకుప్పల మీద కనబడినట్లు, 1956లో ఆర్. ఎస్. రావు గారు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో ప్రకటించారు. అమెరికా నుంచి పి.ఎల్. 480 పథకం కింద వచ్చిన గోధుమలతో ఈ విత్తనాలు వచ్చినవని అందరూ చెప్పుకునే మాట. కాని ఆ చట్టం క్రింద మన దేశంతో మొదటి ఒప్పందం జరిగినది 1956 ఆగస్టులో. పుణేలో మొక్క కనబడినది అంతకు ముందటి ఏడు. 1951లోనే కరువు సమయంలో అమెరికా మనకు గోధుమలను అప్పుగా పంపింది. గోధుమతోనే వచ్చిందంటే ఆ తొలి ఓడలతో వచ్చి ఉండవలెను గాని, పాపమంతా పి.ఎల్. 480 మీద మోపడం న్యాయం కాదు. ఎలా వచ్చినా వచ్చింది. ఇప్పుడు దేశంలో అది లేని రాష్ట్రం లేదు. రైలుపట్టాల వెంట, బస్సుస్టాండుల వెనుక, ఇల్లు కట్టకుండా వదిలిన సైటులలో, మురుగు కాలువల గట్ల మీద అంతటా దానిదే రాజ్యం.

ఇంత త్వరగా ఎలా వ్యాపించిందని ఆశ్చర్యపోనక్కరలేదు. ఒక్కొక్క చిన్న పూవులో నాలుగైదు విత్తనాలు ఉంటాయి. బాగా పెరిగిన ఒక్క మొక్క పదిహేను నుంచి ఇరవైయైదు వేల విత్తనాల దాకా ఇస్తుంది. అవి గాలికి, వాన నీటికి, లారీ చక్రాల బురదకు, ఇసుక బండ్లకు అంటుకొని ఊరూరా తిరుగుతాయి. నేలలో పూడిపోయిన విత్తనాలు కొన్ని ఏళ్ళ పాటు ప్రాణంతో ఉండగలవు. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాలలోనే మొక్క పూతకు వస్తుంది. తడి ఉంటే ఏడాది పొడుగునా పూస్తుంది. వానాకాలంలో మరీ విజృంభిస్తుంది. పైగా తన వేళ్ళ నుంచి, ఆకుల నుంచి విషద్రవ్యాలను విడిచి పక్కనున్న మొక్కలను ఎదగనివ్వదు. పశువులు మామూలుగా దీనిని ముట్టవు. మేత దొరకక తిన్న ఆవు పాలు చేదెక్కుతాయి.

రెండు విధాల హాని

దీనివలన మనిషికి వచ్చే బాధ రెండు విధాలు. ఒకటి చర్మానికి, రెండవది ముక్కుకూ ఊపిరితిత్తులకూ.

చర్మబాధకు కారణం ఆకులమీది, కాడలమీది సన్నని నూగులో ఉండే పార్థెనిన్ అనే పదార్థం. పుణే ప్రాంతంలో దీని బారినపడిన రోగులను గురించి 1974లోనే వైద్యులు వివరంగా వ్రాశారు. మొక్కను ముట్టుకున్న చోట మాత్రమే దురద రాదు. ఎండిన మొక్క పొడి గాలిలో ధూళితో కలిసి వచ్చి ముఖం మీద, మెడ చుట్టూ, కనురెప్పల మీద, మోచేతుల మడతలలో చర్మాన్ని ఎర్రగా, మందంగా, దురదగా చేస్తుంది. ఒకసారి పట్టుకుంటే ఏళ్ళ తరబడి వదలని వారున్నారు. ఇటువంటి వారికి అదే కుటుంబానికి చెందిన చామంతి, పొద్దుతిరుగుడు మొక్కలు కూడా పడకపోవచ్చు. పూజకని చామంతి దండ కట్టిన సాయంత్రమే చేతులు దురదపెట్టే వారు ఇంటిలో ఉంటే, ఆ దండ మరొకరి చేత కట్టించడం మేలు. దేవుడు మల్లెలనూ మందారాలనూ కూడా స్వీకరిస్తాడు.

ముక్కు సంగతిని బెంగుళూరులో పరిశోధించి చూశారు. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి. వి. సుబ్బారావు గారూ వారి సహచరులూ 1980లలోనూ ఆ తరువాతనూ ఈ పుప్పొడి మీద పనిచేశారు. 1991లో ప్రచురించిన వారి పరిశీలన ప్రకారం, ఆ నగరవాసులలో నూటికి సుమారు ఏడుగురు ఈ ఒక్క మొక్క పుప్పొడి వలన ముక్కు బాధకు లోనవుతున్నారు. తుమ్ములతో మొదలైనది కొందరిలో ఉబ్బసంగా మారుతుంది. రాత్రిపూట పిల్లికూతలు, ఆయాసం, నిద్ర లేకపోవడం, పిల్లలకు బడి మానవలసి రావడం, ఇవన్నీ ఆ దారిలోనివే. దీనిని చిన్న విషయంగా తీసివేయరాదు.

మరొక విశేషం. అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జనాన్ని ఏడిపించే రాగ్‌వీడ్ అనే కలుపు మన వయ్యారిభామకు దాయాది. ఈ రెండింటి పుప్పొడిలోని పదార్థాలు ఒకదానినొకటి పోలి ఉంటాయని అదే పరిశోధకులు చూపించారు. ఇక్కడ వయ్యారిభామ పడని పిల్లవాడు చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళితే, మొదటి ఏడే తుమ్ములు మొదలు కావచ్చు. పిల్లలను పంపే తలిదండ్రులు ఈ సంగతి వారి చెవిన వేయడం మంచిది.

ఒక్క వయ్యారిభామే దోషి కాదు. ఇంటి చుట్టూ ఉండే ముళ్ళతోటకూర, కంకివేసిన గరిక, ఆముదపు చెట్లు, కంచెల వెంట సర్కారు తుమ్మ, వీటి పుప్పొడి కూడా కొందరికి పడదు. గరిక వినాయకుడికి ప్రీతి గనుక పూర్తిగా పీకనక్కరలేదు, కంకి వేయకముందే కత్తిరిస్తే చాలు. ఇక బాధ ఋతువుతో నిమిత్తం లేకుండా ఏడాది పొడుగునా ఉంటే, పరుపులలోని ధూళి పురుగులు, గోడల బూజు, బొద్దింకలు కారణం కావచ్చు. అప్పుడు పెరడు ఎంత శుభ్రం చేసినా లాభం తక్కువ. అందుచేత ముందుగా ఒక పని చేయండి. క్యాలెండరు మీద తుమ్ములు ఎక్కువగా వచ్చిన రోజులకు గుర్తు పెట్టండి. రెండు మూడు నెలల తరువాత చూస్తే ఆ గుర్తులే సగం సంగతి చెబుతాయి. మిగతా సగం డాక్టరు చర్మపరీక్ష చేసి చెప్పగలరు.

కలుపు తీస్తే ఎంత లాభం?

“గాలిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పుప్పొడిని మన పెరడు శుభ్రం చేసి ఆపగలమా?” అని అడుగవచ్చు. పూర్తిగా ఆపలేము. తేలికైన పుప్పొడి మైళ్ళ దూరం పోగలదు. అయినా మొక్కకు దగ్గరగా ఉన్నచోట అది దట్టంగా ఉంటుంది, దూరం పోయినకొద్దీ పలచబడుతుంది. పడకగది కిటికీకి పదడుగుల దూరంలో పూసిన గుబురు మొక్కలు, ఊరి బయట పొలమంతా పూసిన మొక్కలకంటె మనకు ఎక్కువ కీడు చేయగలవు. చర్మబాధ విషయంలో దగ్గరితనం మరీ ముఖ్యం. మన మొక్కలు తీసివేస్తే బాధ మాయమవుతుందని మేము చెప్పము. బాధ తగ్గవచ్చు, మందుల అవసరం తగ్గవచ్చు. ఒక ఇంటివారు చేసినదానికంటె వీధిలో పది ఇళ్ళవారు కలిసి చేసినదానికి ఫలితం ఎన్నో రెట్లు.

ఎప్పుడు, ఎలా?

ఇందులో అన్నిటికన్న ముఖ్యం సమయం. పూత రాకముందే పీకవలెను. పూసిన తరువాత కదిలిస్తే పుప్పొడి మన ముఖం మీదనే దులిపినట్లవుతుంది. గింజ పట్టిన తరువాత పీకితే విత్తనాలు చల్లినట్లవుతుంది. మొదటి వానలు పడిన మూడు వారాలకు ఆకుచక్రాలు నేల మీద కనబడుతాయి. అప్పుడు నేల మెత్తగా ఉంటుంది, వేరుతో సహా సులువుగా వస్తుంది. అదే సరియైన అదను. కొడవలితో పైపైన కోసివేయడం దండుగ. మొదలు నుంచి మళ్ళీ చిగిర్చి, ముందటికంటె గుబురుగా తయారవుతుంది. పారతోనో గునపంతోనో వేరు కదిలించి లాగవలెను. మొలిచిన నెల నెలన్నరలో పూతకు వస్తుంది గనుక, వానాకాలమంతా మూడు వారాలకు ఒకసారి పెరటి చుట్టూ తిరిగి కొత్తగా మొలిచినవాటిని తీయవలెను. మొదటి ఏడు పని ఎక్కువ. నేలలోని పాత విత్తనాలు తరిగేకొద్దీ రెండో ఏడు, మూడో ఏడు పని తగ్గుతుంది.

పనికి దిగేవారు పూర్తి చేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్ట, బూట్లు, రబ్బరు తొడుగులు వేసుకొని, ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకోవలెను. కళ్ళద్దాలుంటే మరీ మంచిది. పని అయిన వెంటనే ఆ బట్టలు విడిగా నానవేసి, తలతో సహా స్నానం చేయవలెను. చేతులు కడగకుండా కళ్ళు నులుముకోరాదు. ఉబ్బసం ఉన్నవారు, చర్మం దురద ఉన్నవారు, పిల్లలు ఈ పనికి దూరంగా ఉండవలెను. తుమ్ములు ఎవరికి ఉన్నవో వారే కసిగా పీకడానికి పూనుకోవడం కొన్ని ఇళ్ళలో జరుగుతుంది. అది ఎంతమాత్రం కూడదు.

ఇక్కడ ఒక మాట కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. మనలో చాలామంది ఈ పని స్వయంగా చేయరు. ఇంటి పనిమనిషికో, వీధిలో పోయే కూలికో చెబుతారు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకొని, ఉత్త చేతులతో గంటలో పెరడంతా పీకి శుభ్రం చేస్తుంది. “అమ్మగారూ, చేతులు మండుతున్నాయి” అని సాయంత్రం చెబితే, “కొబ్బరినూనె రాసుకోవే” అని సరిపెట్టడం మన ఇళ్ళలో కొత్త కాదు. మన పిల్లవాడి ముక్కును కాపాడడానికి మరొక పిల్లవాడి తల్లి చర్మాన్ని పణంగా పెట్టడం ధర్మం కాదు. ఆమెకు ఈ జబ్బు పట్టుకుంటే పొలం పనికీ పోలేదు, ఇంటి పనికీ పోలేదు. పాత్రలు తోమే చేతులే ఆమె ఆస్తి. ఒక జత రబ్బరు తొడుగుల ఖరీదు మనకు లెక్కలోనిది కాదు. తొడుగులు, ముఖానికి గుడ్డ, పని తరువాత స్నానానికి సబ్బూ నీళ్ళూ ఇవ్వలేనివారు ఈ పని ఎవరికీ చెప్పరాదు. దద్దురు ఉన్న మనిషికి అసలే చెప్పరాదు. నగరపాలిక వారు పంపే పనివారి విషయంలో కూడా, తొడుగులు ఇచ్చారా అని అడిగే హక్కు, బాధ్యత మనకు ఉన్నవి.

పీకిన మొక్కలను ఏమి చేయాలి?

నిప్పు పెట్టడం అందరికీ తోచే ఉపాయం. పచ్చి మొక్క మండదు, ఎండిన మొక్కను తగులబెడితే పొగా పొడీ లేచి చుట్టుపక్కల ఉబ్బసం ఉన్నవారిని బాధిస్తాయి. వీధిలో పారవేస్తే గింజలు కాలువల వెంట పోయి మరో పేటలో మొలుస్తాయి.

పూత రాని మొక్కలను ఎరువు చేసుకోవచ్చు. స్థలం ఉన్నవారు మూడడుగుల లోతు, ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల గుంట తీసి, మొక్కలను పొరలు పొరలుగా పరిచి, మధ్య మధ్య మట్టి, పేడనీళ్ళు వేసి పైన మట్టితో మెత్తివేస్తే కొన్ని నెలలకు మంచి ఎరువు అవుతుంది. చిన్న పెరళ్ళ వారు చిన్న గుంటే తీసుకోవచ్చు. పూసిన మొక్కలను మాత్రం ఎరువు గుంటలో వేయరాదు. వాటిని మెల్లగా, దులపకుండా దళసరి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి చెత్తబండికి అప్పగించవలెను.

ఉప్పునీళ్ళు చల్లితే చస్తుందన్న మాట నిజమే. లీటరు నీటికి నూటయాభై నుంచి రెండువందల గ్రాముల ఉప్పు కలిపి ఆకులు తడిసేలా చల్లితే మాడిపోతుంది. కాని ఆ ఉప్పు నేలలోనే ఉండిపోయి తరువాత మరేదీ పెరగనివ్వదు. రాళ్ళ సందులలో, గోడ మొదట్లో, ఏమీ పెంచదలచని చోట మాత్రమే వాడదగిన పద్ధతి ఇది. బావుల దగ్గర, చెట్ల మొదళ్ళ దగ్గర వద్దు. పిల్లలు ఆడుకునే పెరటిలో కలుపు చంపే విషపు మందుల జోలికి పోకపోవడం మంచిది.

నేలను ఖాళీగా వదలరాదు

పీకిన చోటు ఖాళీగా ఉంటే రెండో వానకు మళ్ళీ అదే వస్తుంది. ఆ చోటును మరొకదానితో కప్పివేయవలెను. గుమ్మడి తీగ, చిలగడదుంప తీగ నేలంతా పరుచుకొని కలుపుకు వెలుతురు అందనివ్వవు. కూరకు కూర, కావలికి కావలి. పొలాల గట్ల మీద, బీడులలో తగిరిస మొక్కలు పెంచితే అవి వయ్యారిభామను అణచివేస్తాయని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎండుటాకులు మందంగా పరచినా మొలకలు తగ్గుతాయి.

దీనికి పుట్టింటి శత్రువు కూడా ఒకటి ఉన్నది. మెక్సికో దేశపు ఒక చిన్న పెంకు పురుగు దీని ఆకులను ఆబగా తింటుంది. దానిని 1983లో బెంగుళూరుకు తెప్పించి, ఇతర పంటలకు హాని చేస్తుందా లేదా అని పరీక్షించి, 1984లో అక్కడి పరిసరాలలో వదిలారు. ఆ తరువాత అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. పాలమీగడ రంగు రెక్కల మీద ముదురు గోధుమరంగు చారలున్న పురుగు వయ్యారిభామ మీద కనబడితే దానిని నలిపివేయకండి, మన పని అది చేస్తున్నది. అయితే అది ముఖ్యంగా వానాకాలంలోనే పనిచేస్తుంది, మిగతా కాలంలో చాలావరకు మట్టిలోకి దూరి నిద్రపోతుంది. పురుగు ఉన్నది గదా అని మనం కూడా నిద్రపోరాదు.

ఇంటి లోపలి జాగ్రత్తలు

పూత కాలంలో పొద్దుటిపూట కలుపు ఉన్న వైపు కిటికీలు మూసి ఉంచండి. ఉతికిన బట్టలు, ముఖ్యంగా దుప్పట్లు, దిండు గలీబులు ఆ వైపు ఆరవేయకండి. బయటి నుంచి వచ్చినవారు ముఖం, కాళ్ళు చేతులు కడుక్కొని లోపలికి రావడం మన పెద్దల ఆచారమే. తుమ్ములవారు రాత్రి పడుకోబోయే ముందు తల తుడుచుకొని బట్టలు మార్చుకొంటే పుప్పొడి పడకమీదికి చేరదు. డాక్టరు ఇచ్చిన మందును ఋతువు రాకముందు నుంచే వాడితే తరచు ఎక్కువ గుణం కనబడుతుంది. పక్కింటివారి మాత్రలు తెచ్చి వాడుకోవడం మంచిది కాదు, కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి. ఆయాసం వచ్చినా, పిల్లికూతలు వినిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించవలెను.

పొరుగువారితో మాట్లాడండి

మన పెరటిలో ఒక్క మొక్క లేకుండా చేసినా పక్క సైటు అడవిలా ఉంటే ఏమి ప్రయోజనం? ఆ సైటు యజమాని ఎక్కడో ఉంటాడు. మనది కాదు గదా అని అందరూ వదిలేస్తారు. కర్ణాటక ప్రభుత్వం 1975లోనే దీనిని తొలగించవలసిన హానికరమైన కలుపుగా ప్రకటించింది. అయినా చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన కలుపు పీకబడదు. యజమానికి మర్యాదగా ఒక ఉత్తరం, నగరపాలిక కార్యాలయానికి నలుగురి సంతకాలతో ఒక అర్జీ, అందుకూ కదలకపోతే వీధివారంతా కలిసి ఒక ఆదివారం ఉదయం, ఇవి మా సూచనలు. వీధిలో కన్నడిగులు, తమిళులు, మరాఠీలు, ఒడియావారు అందరూ ఉంటారు. తుమ్ములకు భాషాభేదం లేదు గనుక ఈ పనికి పిలిస్తే రానివారు తక్కువ. తరతరాలుగా ఈ ఊళ్ళను మన ఊళ్ళు చేసుకున్న మనం ముందుగా గడప దిగడం సబబుగా ఉంటుంది.

ప్రతి సంవత్సరం ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతటా వయ్యారిభామ నిర్మూలన వారోత్సవం జరుగుతున్నది. జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ దీనిని నిర్వహిస్తుంది. వానలు జూన్‌లోనే మొదలయ్యే ఊళ్ళలో అంతవరకు ఆగితే అప్పటికే పూత వచ్చేస్తుంది. కనుక మొదటి విడత జూలై మొదట్లోనే ముగించి, ఆ వారంలో రెండవ విడత పెట్టుకొనడం మేలు. మన సంఘ శాఖలు ఒక అరడజను పారలు, రెండు గునపాలు, ఇరవై జతల రబ్బరు తొడుగులు కొని సంఘ భవనంలో ఉంచి, కావలసిన వీధులవారికి ఎరువిచ్చే ఏర్పాటు చేస్తే ఖర్చు స్వల్పం, ఉపకారం అనల్పం. రానున్న కార్యవర్గ సమావేశంలో సభ్యులు ఈ విషయం ప్రస్తావించి, తమ వీధికి ఒక ఆదివారం నిర్ణయించుకోవలసిందిగా కోరుతున్నాము.